మిస్టర్ వాంపైర్ 2: ఒక్క సీను కోసం గంటన్నర కూర్చోవచ్చా?

విభాగం: పరాయి భాషల సినిమాలు » హాంగ్‌కాంగ్

#1 పాతరీలు

శనివారం రాత్రి మొదటి మిస్టర్ వాంపైర్ (1985), అదే, ఆ గెంతే శవాల కామెడీ, మళ్ళీ చూశా. ఎన్నోసారో లెక్కలేదు, అయినా కడుపుబ్బ నవ్వా. ఆ ఊపులో రెండోది (1986) కూడా పెట్టేశా. మధ్యలో రెండుసార్లు లేచి టీ పెట్టుకున్నా. అదే దర్శకుడు రికీ లావ్, అదే నిర్మాత సామో హంగ్, అదే హీరో లామ్ చింగ్-యింగ్. వంటాయన అదే, పొయ్యి అదే, మరి పులుసెందుకు నీళ్ళయింది?

చూడనివాళ్ళకి కథ: పురాతన వస్తువులు తవ్వే ఓ ప్రొఫెసర్ ఇద్దరు శిష్యుల్ని వెంటేసుకుని గుహలోకి వెళ్తాడు. అక్కడ అమ్మ, నాన్న, కొడుకు, మూడు శవాలు, నుదుట పసుపు కాగితాలతో (అవి అంటి ఉన్నంతసేపూ శవం కదలదు) చెక్కుచెదరకుండా నిలబడి ఉంటాయి. ఈయన పిల్లాడి శవాన్ని దొంగబజారులో అమ్మేద్దామనుకుంటాడు. పిల్లాడు తప్పించుకుని ఓ ఇంటి పిల్లలతో స్నేహం చేస్తాడు. శిష్యుల్లో ఒకడిని శవం కొరుకుతుంది. వాడు వైద్యం కోసం లామ్ దగ్గరికి వస్తే ఆయన ఆ గాటు చూసి సంగతి కనిపెడతాడు. ఇక పరుగే పరుగు.

నా గొడవల్లా ఒకటే. మొదటి సినిమాలో నవ్వంతా నియమాల్లోంచి పుట్టింది. ఊపిరి బిగబడితే శవానికి మనం దొరకం, అదో నియమం. ఇంకోటి చూడండి. ముసలాయన శవాన్ని వెలికితీసి శవపేటికలో పెడతారు. గురువు లామ్ తన ఇద్దరు శిష్యులతో, శవం బయటికి రాకుండా పేటిక చుట్టూ వడ్రంగి దారంతో గీతలు కొట్టమంటాడు. దారం ముంచి, లాగి, టప్పున వదలడం. ఇద్దరూ పక్కలూ పైనా అంతా కొట్టేసి చేతులు దులుపుకుంటారు. అడుగు మర్చిపోతారు. మనకి తెలుసు, వాళ్ళకి తెలియదు. శవం కదలకముందే సగం నవ్వు, సగం భయం మనలో తయారుగా ఉంటాయి. రెండోదానిలో ఆ లెక్క పోయింది. కాగితం అంటించడం, పీకడం, పారిపోవడం, మళ్ళీ అంటించడం. మధ్యరకం సినిమా. పదికి ఐదున్నర.

#2 వరంగల్_చిన్నోడు

అన్నా, నేను రెండూ చూడలే. శవం గెంతుడేంది అసల్? నడవొచ్చు గదా!

#3 కౌలూన్_కబుర్లు

నడవలేదు తమ్ముడూ, బిర్రబిగుసుకుపోయింది కాబట్టి. చైనా వాళ్ళ మాట జియాంగ్షీ, నేనుండే ఈ హాంగ్‌కాంగ్ కాంటనీస్‌లో గ్యోంగ్‌సీ. అర్థమే బిగుసుకున్న శవం. మోకాలు వంగదు, మోచెయ్యి వంగదు. చేతులు ముందుకి చాచి రెండు కాళ్ళూ ఒక్కసారే ఎత్తి గెంతాలి.

ఇది ఎక్కణ్ణుంచి వచ్చిందంటే హునాన్ పశ్చిమాన కొండప్రాంతం షియాంగ్షీ పేరు చెప్తారు. పరాయి ఊళ్ళో చచ్చిపోయినవాణ్ణి సొంతూరికి చేర్చాలి, బండ్లు పోయే దారి లేదు. శవాల్ని రెండు పొడవాటి వెదురు బొంగులకి కట్టి ముందొకడు వెనకొకడు భుజాన మోసేవారట. వెదురు ఊగినప్పుడల్లా దూరంనుంచి చూసినవాడికి వరసగా శవాలు గెంతుతున్నట్టు కనబడేదట. మాంత్రికుడే గంట వాయిస్తూ శవాల్ని నడిపించుకుపోతాడని జనం కథ అల్లారు. మొదటి సినిమా తొలి సీనులో వరసగా నిలబెట్టిన శవాలు ఈ కథలోవే.

బట్టలు చింగ్ వంశపు రాజోద్యోగులవి. ఆ వంశం 1912లో గద్దె దిగింది. అంటే ఆ బట్టల్లో ఉన్నవాడు పాతకాలం శవమని ప్రేక్షకుడికి ఒక్క చూపులో అర్థమైపోతుంది.

#4 చందమామ_పిచ్చి

అయితే మన భేతాళుడికి పెదనాన్న కొడుకన్నమాట. ఆయనా శవంలోనే కాపురం. కాకపోతే ఆయన చెట్టుకి వేలాడి, భుజమెక్కి, కథ చెప్పి, చివర ప్రశ్న వేసి విసిగిస్తాడు. వీడు నోరు విప్పడు, కొరుకుతాడు అంతే.

అసలు పాయింటు, దీన్ని దయ్యం సినిమా అనొచ్చా? శవం వేరు, దయ్యం వేరు కదా.

#5 కౌలూన్_కబుర్లు

వేరే. దయ్యాన్ని ఇక్కడ గ్వాయ్ అంటారు, దానికి ఒళ్ళుండదు. గ్యోంగ్‌సీకి ఉన్నదల్లా ఒళ్ళే. కానీ మొదటి సినిమాలో రెండూ ఉన్నాయి. పౌలిన్ వాంగ్ వేసిన ఆడదయ్యం శిష్యుడు చిన్ సియు-హో మీద మనసు పడుతుంది. రెండో దానిలో అదే పౌలిన్ వాంగ్ శవాల కుటుంబంలో తల్లి. ఇక్కడివాళ్ళు ఈ సినిమాలన్నిటినీ ఒకే గాటన కట్టి దయ్యాల కామెడీలనే అంటారు. ఆ గాడి 1980లో సామో హంగే వేశాడు, ఎన్‌కౌంటర్స్ ఆఫ్ ద స్పూకీ కైండ్‌తో. అందులో మంచి మాంత్రికుడు చుంగ్ ఫాట్. మన రెండో వాంపైర్‌లో దుర్మార్గపు ప్రొఫెసర్ కూడా ఆయనే. ఆ పాత సినిమాలో మాంత్రికుడిగా చూసినవాళ్ళకి, ఇక్కడ ఆయన శవాలతో బేరాలాడుతుంటే అదో తమాషా.

#6 మూడో_వరుస

పాతరీలు గారూ, మొదటిదాన్ని మరీ నెత్తినెక్కించుకుంటున్నారు. దానికీ అదే రోగం ఉంది. ఆ ఆడదయ్యం కథకీ ముసలాయన శవం కథకీ సంబంధమేంటో చెప్పండి. రెండు సినిమాల్ని సూదీదారంతో కుట్టినట్టుంటుంది. దయ్యం వచ్చినప్పుడల్లా శవం సెలవు మీద వెళ్తుంది. శవం వచ్చినప్పుడు దయ్యం జాడ ఉండదు. మీరన్న నియమాల్ని కూడా కావాల్సినప్పుడు గుర్తుచేసుకుని వద్దనుకున్నప్పుడు వదిలేశారు.

మనం పన్నెండో ఏట చూసిన సినిమాకి పదికి పది ఇస్తాం, నలభయ్యో ఏట చూసినదానికి ఐదున్నర ఇస్తాం. అంతే తేడా.

#7 పాతరీలు

ఆడదయ్యం కథ అతుకేనని ఒప్పుకుంటా. కానీ బియ్యం సంగతి చూడండి. శవం గోళ్ళు గుచ్చుకున్నవాడి ఒంట్లో విషం లాగాలంటే జిగురు బియ్యం కావాలి. మామూలు బియ్యం పనికిరాదు. శిష్యుణ్ణి కొట్టుకి పంపుతారు. కొట్టువాడు జిగురు బియ్యంలో మామూలు బియ్యం కలిపి అమ్ముతాడు. ఇక్కడ గాయపడ్డ రెండో శిష్యుడు రికీ హుయ్ బియ్యం మీద పడి గంతులేస్తుంటాడు, విషం దిగదు. శవం కాదు, దయ్యం కాదు, మనిషి ప్రాణం మీదికి తెచ్చింది కిరాణాకొట్టు కల్తీ! కల్తీ బియ్యం తెలిసిన ఏ ఊరివాడైనా పడీపడీ నవ్వుతాడు. ఇలాంటిది రెండోదానిలో ఒక్కటి చూపించండి, ఏడు మార్కులిస్తా.

#8 రాత్రిషో

చూపిస్తా. మత్తుమందు సీను.

లామ్ ఇంట్లో అమ్మానాన్న శవాలు రెండూ లేచి మీదపడతాయి. మత్తుమందు సీసా పగిలి ఆవిరి గదంతా కమ్ముకుంటుంది. అక్కణ్ణుంచి మనుషులూ శవాలూ అంతా నీళ్ళల్లో ఉన్నట్టు మెల్లగా... మెల్లగా. గుద్దడానికి ఎత్తిన చెయ్యి ముక్కు దాకా చేరేలోపు ఒక దీపావళి వెళ్ళిపోతుంది. తప్పించుకోవాల్సినవాడికి దెబ్బ వస్తోందని తెలుసు, మొహంలో భయం కూడా మెల్లగానే విచ్చుకుంటుంది. చంపేవాడికీ తొందర లేదు, చచ్చేవాడికీ తీరిక ఉంది.

కుంగ్‌ఫూ సినిమా అంటేనే వేగం. ఆ వేగాన్ని తీసి పక్కనబెట్టి ఫైటు చేయించారు. ఇది తెలివి కాదా? మూడో_వరుస గారన్నట్టు మనం నలభయ్యో ఏట చూశాం కాబట్టి ఐదున్నర.

#9 పాతరీలు

ఆ సీను గురించే శీర్షిక పెట్టా బాబూ. ఆలోచన బంగారం. కానీ ఎంతసేపండీ అది! మొదటి నిమిషం నవ్వా, రెండో నిమిషం మెచ్చుకున్నా, తర్వాత ఫోను చూసుకున్నా. నవ్వు పులిహోర లాంటిది, రెండో గరిటె దగ్గర ఆపెయ్యాలి.

#10 వరంగల్_చిన్నోడు

ఇప్పుడే ఆ ఒక్క సీను సూసిన. అరె మస్తుంది! ఆఖరికి జర ఎక్కువైంది గని, గంత మెల్లగ కొట్టుకునుడు ఏడ సూడలే. పాతరీలన్నా, ఆరున్నర ఇయ్యి.

#11 కౌలూన్_కబుర్లు

సీను సంగతి సరే, ఈ సినిమాలో అసలు విలువైనదాన్ని ఎవరూ ముట్టుకోలేదు. అది ఇక్కడ ఉన్నవాళ్ళకే తగులుతుంది, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా.

శవం పిల్లాడు తప్పించుకుని ఇంటి తోటలోకి వస్తాడు కదా. ఆ ఇంటి పాప వాణ్ణి చూసి ఏమనుకుంటుంది? దయ్యమని కాదు. సరిహద్దు దాటి దొంగతనంగా వచ్చిన చైనా పిల్లాడనుకుంటుంది. అందుకే ఇంట్లోవాళ్ళకి కనబడకుండా దాస్తుంది. ఎందుకంటే దొరికితే వెనక్కి పంపేస్తారు.

1986లో హాల్లో కూర్చున్న హాంగ్‌కాంగ్ జనానికి ఇది ఊరికే జోకు కాదు. 1974 నుంచి 1980 దాకా ఇక్కడ ఒక వింత పద్ధతి నడిచింది. సరిహద్దు దగ్గర దొరికితే వెనక్కి. కంచె, కొండ, సముద్రం దాటుకుని ఎలాగో నగరంలో అడుగుపెట్టి చుట్టాల ఇంటికి చేరావా, కాగితాలిచ్చి ఉండనిచ్చేవారు. దీన్ని బేస్‌బాల్ ఆటలో మాటతో టచ్ బేస్ అన్నారు. మన పిల్లల భాషలో చెప్పాలంటే దాగుడుమూతల్లో దాం ముట్టుకోవడం. 1980 అక్టోబరులో అది రద్దయింది. ఆ తర్వాత నగరం నడిబొడ్డున దొరికినా పంపేయడమే. వీధిలోకి వెళ్తే జేబులో గుర్తింపు కార్డు ఉండి తీరాలని చట్టం వచ్చింది అప్పుడే. ఇవాళ్టికీ నా పర్సులో ఉంది.

ఇప్పుడు ఆ పిల్లాణ్ణి చూడండి. ఏ కార్డూ లేదు. పైగా నుదుట అంటించిన కాగితం ఒకటి. అది ఉన్నంతసేపే బుద్ధిగా నిలబడతాడు. హాల్లో ఉన్నవాళ్ళలో ఎంతమంది తామో, తమ అమ్మానాన్నలో అలా దాటి వచ్చినవాళ్ళో! పాతరీలు గారు కల్తీ బియ్యం జోకు అడిగారు. నా లెక్కలో ఇది దానికి సమానం. కాకపోతే సినిమా ఈ ముత్యాన్ని పట్టుకుని ఏం చెయ్యాలో తెలియక, పిల్లల ఆటపాటల్లో పడేసింది. నా బాధ అక్కడ.

#12 గోదారి_గట్టు

కౌలూన్ గారూ దండం. రెండుసార్లు చూశాను, ఆ పిల్ల ఎందుకు దాస్తోందో నాకు తట్టనే లేదు. 1982లో వచ్చిన ఈ.టీ.ని కాపీ కొట్టారని తీసిపారేశా. పిల్లలు వింతజీవిని దాచడం, పెద్దవాళ్ళు వెంటపడటం, అంతా ఆ వరసే కదా.

#13 కౌలూన్_కబుర్లు

ఆ వరసే, అనుమానం లేదు. ఆ ఏడాదే తైవాన్ వాళ్ళు కూడా పిల్ల శవాల్ని పెట్టి సినిమాలు మొదలెట్టారు. జపాన్‌లో పిల్లలంతా చేతులు చాచి గెంతుతూ బడికెళ్ళిన రోజులవి. పిల్ల టిక్కెట్టు మీద కన్నేసి రాసిన కథ ఇది.

#14 దెబ్బలశాస్త్రి

నేను ఫైట్ల మనిషిని, కథల జోలికి పోను. మొదటిది ఎందుకు బాగుందో, రెండోది ఎందుకు చప్పబడిందో ఒక్క ముక్కలో చెప్తా: శవం వేషం ఎవరు కట్టారన్నది చూడండి.

మొదటిదానిలో ముసలాయన శవం యూన్ వా. పెకింగ్ ఒపెరా బడిలో సామో హంగ్, జాకీ చాన్‌లతో కలిసి పెరిగినవాడు. బ్రూస్ లీకి పిల్లిమొగ్గల డూప్ వేసినవాడు. మోకాలు వంచకుండా గెంతమన్నారు, గెంతాడు. కానీ ఆ గెంతులో బరువుంది. నేలమీద పడినప్పుడు బస్తా పడ్డట్టుంటుంది. ఎదురుగా లామ్ చింగ్-యింగ్. ఆయనా ఒపెరా బడివాడే. సన్నగా ఉంటాడని చిన్నప్పుడు ఆడవేషాలు వేయించేవారు. ఆ వేళ్ళు చూడండి, కాగితం తిప్పేటప్పుడు, చెక్కకత్తి పట్టేటప్పుడు. మొదటి సినిమా నాటికి ఆయనకి 32 ఏళ్ళు. జుట్టు నెరిపించి, కనుబొమలు కలిపి ముసలి గురువుని చేశారు. మనం నమ్మేశాం.

రెండోదానిలో ఆయన్ని ఇప్పటికాలం వైద్యుణ్ణి చేశారు. పసుపు అంగరఖా వేసుకున్న గురువు గదిలోకొస్తే గది మారిపోతుంది. డాక్టరొస్తే ఏం మారుతుంది, బిల్లు తప్ప.

ఇంకో పాపం: యూన్ బియావ్. ఆ బడిలోంచి వచ్చినవాళ్ళలో గాల్లోకి లేస్తే అంత అందంగా దిగేవాడు ఇంకొకడు లేడు. అలాంటివాణ్ణి తెచ్చి విలేకరిని చేసి, హీరోయిన్ మూన్ లీ వెనక తిప్పి, నాలుగు గెంతులిచ్చి పంపేశారు. పట్టుచీరతో ఇల్లు తుడవడం ఇదే.

#15 మూడో_వరుస

శాస్త్రిగారి మాట ఒప్పుకుంటున్నా. ఆధునిక బట్టలు దెబ్బకొట్టాయి. చీకటి, లాంతరు, పాత మేడ ఉంటే శవానికి సగం పని తగ్గుతుంది. ట్యూబులైటు కింద ఎవడు భయపడతాడు?

#16 రాత్రిషో

ట్యూబులైటు కింద కూడా భయపెట్టొచ్చు, రాసేవాడికి దమ్ముంటే. 2013లో రిగర్ మోర్టిస్ ఇరుకు ఫ్లాట్ల భవనంలోనే నడిచింది కదా. మొదటి వాంపైర్ శిష్యుడు చిన్ సియు-హో వయసు మళ్ళిన నటుడిగా, తన పేరుతోనే కనబడతాడు. నవ్వు లేదు అందులో, దిగులే. లామ్ 1997లోనే కాలేయ క్యాన్సర్‌తో పోయాడు, 44 ఏళ్ళకే. ఆయన లేని లోటే ఆ సినిమా నిండా.

#17 జిగురుబియ్యం

ఆలస్యంగా వచ్చా, పేరు చూసి నన్ను పిలవాల్సింది మీరు.

ఒక చిన్న సంగతి. మీలో ఎంతమంది ఏ భాషలో చూశారు? ఇంగ్లీషు డబ్బింగులో చూసినవాళ్ళ మార్కుల్ని నేను లెక్కలోకి తీసుకోను. ఆ రోజుల్లో హాంగ్‌కాంగ్ సినిమాలకి షూటింగులో మాట పట్టేవారు కాదు, తర్వాత స్టూడియోలో చెప్పించేవారు. అందుకే అసలు కాంటనీస్‌లో కూడా పెదవీ మాటా కలవదు, కంగారుపడకండి. కానీ గొంతులు అదరగొడతాయి. కాంటనీస్‌లో వాక్యం చివర ఆ, లా, వో అని సాగదీసే ముక్కలుంటాయి. గోదావరి జిల్లాల్లో 'అండీ'ని సాగదీసినట్టు. సగం వెటకారం దాన్లోనే. డబ్బింగులో అది ఎగిరిపోయి, శవాలకంటే మనుషులే బిగుసుకుపోయినట్టు మాట్లాడతారు. ప్రింటు మీద ముద్రించిన ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ఇంకో కామెడీ, అది ఉచితం.

#18 గోదారి_గట్టు

ఆయ్, సాగదీయడం మా హక్కండీ.

మరి మూడోది ఎలా ఉంటుందండీ? రెండోది చూశాక ధైర్యం చాలడం లేదు.

#19 జిగురుబియ్యం

మూడోది (1987) చూడండి. మళ్ళీ పాతకాలంలోకి వెళ్ళారు, లామ్ మళ్ళీ గురువయ్యాడు. రిచర్డ్ ఎంగ్ డొల్ల మాంత్రికుడు. రెండు దయ్యాల్ని జీతం లేని పనివాళ్ళలా వెంటేసుకుని, వాటితోనే ఇళ్ళలో అల్లరి చేయించి, వాటినే వెళ్ళగొట్టినట్టు నటించి డబ్బు గుంజుతుంటాడు. ఇలాంటివాళ్ళు మన ఊళ్ళోనూ దొరుకుతారు, దయ్యాలే ఉండవు.

దాన్లో దయ్యాల్ని మరిగే నూనెలో వేయించే సీనుంది. ఇక్కడో పక్కదారి: కాంటనీస్‌వాళ్ళు పొద్దున జావలో ముంచుకు తినే పొడుగాటి నూనెవేపుడు పిండిముక్క ఉంటుంది. దాని పేరు యావ్ జా గ్వాయ్. నూనెలో వేగిన దయ్యం! సోంగ్ వంశం కాలంలో యుయే ఫేయ్ అనే సేనాపతిని 1142లో అన్యాయంగా చంపించిన మంత్రి చిన్ హుయ్ మీద కోపంతో, వాణ్ణీ వాడి పెళ్ళాన్నీ పిండితో చేసి నూనెలో వేయించారని కథ. అందుకే రెండు ముక్కలు అంటుకుని ఉంటాయట. డైరెక్టరు అది తలచుకునే తీశాడో లేదో గానీ, పొద్దున జావలో దయ్యాన్ని ముంచుకు తినేవాళ్ళకి ఆ సీను మామూలు వంటలాగే కనబడి ఉంటుంది.

#20 కౌలూన్_కబుర్లు

😀 ఈరోజు పొద్దున నేను తిన్నది అదే. ఏడో చాంద్రమాసంలో అయితే సాయంత్రం మా వీధంతా పొగ. ఇనపడబ్బాల్లో కాగితపు నోట్లు, కాగితపు చొక్కాలు కాల్చి ఆకలిదయ్యాలకి పంపుతారు. మా కింది కొట్టు ముసలావిడ పళ్ళూ అన్నమూ పెట్టి, కాల్చి, బూడిద ఊడ్చి, మళ్ళీ కొట్టులో కూర్చుని సీరియల్ చూసుకుంటుంది. దయ్యం వీళ్ళకి ఇంటికొచ్చే చుట్టం లాంటిది. భయమూ ఉంటుంది, విసుగూ ఉంటుంది. అందుకే నవ్వొస్తుంది.

#21 పాతరీలు

సరే, తగ్గాను. కౌలూన్ గారి పోస్టు చదివాక ఆ పిల్లాడి సీన్లు మాత్రం మళ్ళీ వేసుకుని చూశా. పాప వాణ్ణి ఇంట్లోకి తెచ్చే దగ్గర ఈసారి ఫోను ముట్టుకోలేదు. కానీ ప్రొఫెసర్ శిష్యుల కోతిచేష్టలు, ఆ వెంటపడటాలు, చివరి పదిహేను నిమిషాల గందరగోళం (ఏమవుతుందో చెప్పను, చిన్నోడు ఇంకా చూడాలి) అవి ఎన్నిసార్లు చూసినా అంతే. ఆరు. పైసా ఎక్కువివ్వను.

#22 వరంగల్_చిన్నోడు

మొత్తం సూసిన నిన్న, మా అక్క బిడ్డతోని. ఆరేండ్లది. మత్తుమందు సీనుకి మీరంత మెచ్చుకున్నరు గని అది నవ్వలే, 'మామా, నెట్ స్లో అయింది' అన్నది. పిల్లగాడు అచ్చిన కాడ మాత్రం లేసి నిలబడ్డది. 'వాని నుదుటి మీద గా కాగితం ఎవలు అంటబెట్టిండ్రు? గోకదా?' అని అడిగింది. ఏం జెప్పాలె?

ఊపిరి బిగబడితే శవానికి మనం దొర్కమని మీరు మొదటి సినిమా గురించి చెప్పుకుంటరు గదా, గదొకటి చెప్పిన. ఇగ జూడు. రాత్రి లైటు బంద్ జేసినంక ముక్కు మూసుకొని పండుకున్నది. నేను చేతులు సాపి గెంతుకుంట గదిలకు రావాల్నట. అచ్చిన. మూడు సార్లు. నాలుగోసారి మా అక్క తలుపు కాడ నిలబడి ఉన్నది.

#23 పాతరీలు

ఆ తర్వాత?

#24 వరంగల్_చిన్నోడు

నేనే ఊపిరి బిగబట్టిన.